మెడ మీద షేవింగ్ పొక్కులు: కారణం, నివారణ, చికిత్స

మీ ప్రశ్న మొత్తంలో నాకు ఎక్కువగా పనికొచ్చినది చివర్లో మీరు యథాలాపంగా రాసిన ఒక వాక్యం. విజయవాడలో ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీసులో పనిచేస్తున్నానని, రోజూ గడ్డం నున్నగా గీసుకుని రావాలన్నది అక్కడి నిబంధన అని, రెండేళ్లుగా దవడ కింద, మెడ మీద ఎర్రటి పొక్కులు, మంట, వాటి వెనకే నల్ల మచ్చలు వస్తున్నాయని రాశారు. ఐదు బ్లేడ్ల రేజర్‌తో ఒకసారి వెంట్రుకల వాలు వైపుకు, రెండుసార్లు దానికి ఎదురుగా గీసి, పటిక రుద్ది, ఆఫ్టర్‌షేవ్ పూస్తున్నారు. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు పూస్తే రెండు రోజుల్లో తగ్గి, మానేయగానే మళ్ళీ మొదలవుతోంది. ఇదంతా ఒంట్లో వేడి వల్లనా, రక్తం చెడటం వల్లనా అని అడిగారు. ఆ తర్వాత, పోయిన కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నన్నాళ్లూ మెడ శుభ్రంగా ఉందని, శబరిమల నుంచి వచ్చి గడ్డం తీయించిన వారంలోపే పొక్కులు తిరిగొచ్చాయని చేర్చారు. చర్మవ్యాధుల వైద్యుడిగా నాకు ఆ ఒక్క వాక్యంతోనే సగం రోగనిర్ధారణ అయిపోయింది. మాఘమాసం దాటాక మా క్లినిక్‌కు వచ్చే యువకులలో ఇదే మాట చెప్పేవారు ఏటా కొందరు ఉంటారు.

గడ్డం వెంట్రుక రోజుకు సుమారుగా మిల్లీమీటరులో మూడో వంతు నుంచి 0.4 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. మండల దీక్ష 41 రోజులు కాబట్టి ఆ కాలంలో మీ గడ్డం సెంటీమీటరు దాటి ఉంటుంది. వంకర తిరిగే స్వభావం ఉన్న వెంట్రుక మొన చర్మంలో ఇరుక్కుని ఉన్నా, అది దాదాపు ఒక సెంటీమీటరు పొడవుకు వచ్చేసరికి స్ప్రింగులా బిగుసుకుని, తనంతట తానే మొనను బయటికి లాగేసుకుంటుంది. మొన బయటికి వచ్చిన చోట వాపు తగ్గిపోతుంది. దీక్షలో చన్నీటి స్నానం, సాత్వికాహారం మీ ఆరోగ్యానికి మేలే చేసి ఉండవచ్చు కానీ, మెడను బాగుచేసింది మాత్రం కత్తి తగలకపోవడమే. వేడికీ రక్తానికీ ఇందులో పాత్ర లేదు. రక్తశుద్ధి పేరుతో అమ్మే సిరప్పుల మీద మీరు డబ్బు తగలేయనవసరం లేదు.

అసలు ఏం జరుగుతోందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది అర్థమైతే తర్వాత చెప్పే జాగ్రత్తలు బట్టీపట్టవలసిన అవసరం ఉండదు. మెడ మీద వెంట్రుకలు నిటారుగా మొలవవు, చర్మానికి బాగా ఏటవాలుగా మొలుస్తాయి. రింగు తిరిగే వెంట్రుకకు రోమకూపం కూడా లోపల వంపు తిరిగే ఉంటుంది. అలాంటి వెంట్రుకను బాగా దగ్గరగా గీసినప్పుడు దాని కొస, ఏటవాలుగా కోసిన జొన్న కొయ్యలాగా, పదునుగా తయారవుతుంది. ఆ పదును కొస ఒకటి రెండు రోజుల్లో పెరుగుతూ రెండు దారుల్లో ఒకదాన్ని పడుతుంది. చర్మం పైకి వచ్చి, వంగి, పక్కనే మళ్ళీ చర్మంలోకి గుచ్చుకోవడం ఒక దారి. చర్మాన్ని లాగిపట్టి గీసినప్పుడో, ఎదురుగా గీసినప్పుడో వెంట్రుక చర్మం మట్టానికి కిందనే తెగుతుంది కాబట్టి, బయటికి రాకముందే రోమకూపం గోడను చీల్చుకుని లోపలికి పోవడం రెండో దారి. ఏ దారిన వెళ్ళినా శరీరం తన వెంట్రుకనే ముల్లు దిగినట్టు పరాయి వస్తువుగా లెక్కగట్టి చుట్టూ వాపు తెస్తుంది. మీరు చూస్తున్న పొక్కు ఆ వాపే. దానిలో కొన్నిసార్లు చీములాంటిది కనిపించినా, చాలావరకు అందులో క్రిములు ఉండవు.

దీనిని వైద్యంలో సూడోఫాలిక్యులైటిస్ బార్బే అంటారు. రింగుల జుట్టు ఎక్కువగా ఉండే ఆఫ్రికన్ సంతతి పురుషులలో ఇది విస్తారంగా కనిపిస్తుంది. అమెరికా సైన్యంలో రోజూ గడ్డం గీయాలన్న నియమం వల్ల నల్లజాతి సైనికులు పడిన ఇబ్బంది ఎంతటిదంటే, అక్కడ డాక్టరు రాసిస్తే గడ్డం తీయకుండా ఉండే తాత్కాలిక మినహాయింపు పద్ధతి చాలాకాలంగా అమల్లో ఉంది. మన దగ్గర అంత ఎక్కువ కాకపోయినా, రింగు జుట్టు ఉన్నవారిలో, వృత్తిరీత్యా రోజూ నున్నగా గీయవలసిన పోలీసు, భద్రతా సిబ్బంది, విమానయాన, హోటల్ ఉద్యోగులలో తరచుగా చూస్తుంటాం. వెంట్రుకను పట్టి ఉంచే ఒక కెరటిన్ జన్యువులో చిన్న మార్పు ఉన్నవారికి ఈ బాధ వచ్చే అవకాశం దాదాపు ఆరు రెట్లు ఎక్కువని 2004లో జర్మన్ పరిశోధకులు చూపారు. మీ నాన్నగారికో అన్నదమ్ములకో కూడా ఇలాగే ఉంటే ఆశ్చర్యపోనక్కరలేదు.

అయితే షేవింగ్ తర్వాత వచ్చే ప్రతి మంటా ఇది కాదు. గీసిన నిమిషాల్లోనే చర్మం ఎర్రబడి, చురచురమని మండి, ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే చల్లారితే అది మామూలు రేజర్ మంట. చర్మం పైపొర గీసుకుపోవడమే దానికి కారణం. మంటకంటే దురద ఎక్కువగా ఉండి, క్రీమో లోషనో తగిలిన మేరంతా, కొన్నిసార్లు కనురెప్పల దాకా, దద్దు వస్తే సువాసన ద్రవ్యాల వంటి వాటికి అలర్జీ అనుకోవాలి. ప్రతి పొక్కు నడుమా ఒక వెంట్రుక, చుట్టూ పసుపు చీము, ముట్టుకుంటే నొప్పి, రోజురోజుకూ కొత్త చోట్లకు పాకడం ఉంటే అది రోమకూపాలకు సోకిన బాక్టీరియా ఇన్‌ఫెక్షన్. తామర గడ్డానికి సోకితే పొలుసులతో గుండ్రంగా అంచు కడుతుంది, లేదా గడ్డలా ఉబ్బి, పట్టి లాగితే వెంట్రుకలు నొప్పి లేకుండా ఊడి వస్తాయి. గీసిన గీత వెంబడి వరుసగా, చదునుగా, చర్మం రంగులో చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తే అవి పులిపిర్లు, వాటిని రేజరే ఒక చోటి నుంచి మరో చోటికి నాటుతోంది. ముక్కు పక్కల, కనుబొమల్లో కూడా జిడ్డు పొలుసులు ఉంటే అది చుండ్రుకు సంబంధించిన చర్మవాపు. మీ విషయంలో పొక్కులు గీసిన మర్నాడో మూడో రోజో లేవడం, దవడ కింద మెడ మీదే గుంపుగా ఉండటం, మీసం దగ్గర ఒక్కటీ లేకపోవడం, గడ్డం పెంచితే మాయమవడం, ఇవన్నీ పైన చెప్పిన సూడోఫాలిక్యులైటిస్‌కే సరిపోతున్నాయి. అనుమానం ఉంటే పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడి, ఫోన్ కెమెరాను దగ్గరగా పెట్టి చూడండి. చర్మం కింద సన్నని నల్లటి గీత విల్లులా వంగి, రెండు కొసలూ లోపలికే దిగి కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

చికిత్సలో మొదటిది, ఎవరికీ నచ్చనిది, సుమారు నాలుగు వారాల పాటు గడ్డాన్ని బ్లేడుతో తాకకపోవడం. మొదటి వారం పది రోజులు పొక్కులు పెరిగినట్టు అనిపిస్తుంది, దురద కూడా ఉంటుంది. అక్కడే చాలామంది భయపడి మళ్ళీ గీసేస్తారు. ఆ దశ దాటితే ఇరుక్కున్న వెంట్రుకలు ఒక్కొక్కటే విడుదలై వాపు దిగుతుంది. పాత పొక్కులు పూర్తిగా చదునవడానికి మూడు నెలలైనా పట్టవచ్చు. మీ ఉద్యోగం సంగతి నాకు తెలుసు. ఇలాంటి సందర్భాల్లో మేము ఒక వైద్య ధ్రువపత్రం ఇచ్చి, ట్రిమ్మర్‌తో ఒక మిల్లీమీటరు పొడవుకు సమంగా కత్తిరించిన గడ్డాన్ని అనుమతించమని రాస్తాం. దూరం నుంచి చూసేవారికి అది పొద్దున గీసిన గడ్డం సాయంత్రానికి కనిపించినట్టే ఉంటుంది తప్ప అపరిశుభ్రంగా కనిపించదు. మేనేజర్లు చాలామంది నోటిమాటకు ఒప్పుకోకపోయినా కాగితానికి ఒప్పుకుంటారు. ట్రిమ్మర్ వాడేటప్పుడు దువ్వెన తొడుగు తీసేసి చర్మానికి అదిమి నడిపితే మళ్ళీ రేజర్ చేసిన పనే చేస్తుంది కనుక, కనీసం అర మిల్లీమీటరైనా మిగిలేలా చూసుకోండి. ఈ సమస్య తీవ్రంగా ఉన్న కొందరికి జీవితాంతం ట్రిమ్మరే మంచిదని నా అభిప్రాయం.

నాలుగు వారాలు గడిచి, చర్మం శాంతించాక, తప్పనిసరి అయితే రేజర్‌కు తిరిగి రావచ్చు. కానీ పాత పద్ధతికి మాత్రం రాకూడదు. గడ్డం స్నానానికి ముందు కాక, స్నానం చివర్లోనో స్నానమైన వెంటనేనో గీసుకోవాలి. పొడి వెంట్రుకను కోయడానికి కావలసిన బలం, గోరువెచ్చని నీటిలో రెండు మూడు నిమిషాలు నానిన వెంట్రుకకు గణనీయంగా తగ్గుతుంది. మనలో ఎక్కువమంది చేసేదేమిటంటే ముఖం మీద నాలుగు చుక్కలు చిలకరించి, ఒంటిసబ్బు నురగ పులిమి, పది సెకన్లలో కత్తి పెట్టేస్తారు. ఒంటిసబ్బుల క్షారగుణం పీహెచ్ తొమ్మిది, పది దాకా ఉంటుంది, ఆరోగ్యమైన చర్మానిది సుమారు ఐదు. రోజూ ఆ తేడాను భరించే చర్మం పొడిబారి, మంటకు సిద్ధంగా కూర్చుంటుంది. దీనికి మన బోరు నీళ్ళు తోడవుతాయి. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు సహించవచ్చని భారత ప్రమాణం చెబుతుంది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలా బోర్ల నీరు ఆ హద్దులకు అటూ ఇటూగానే ఉంటుంది. అలాంటి నీటిలో సబ్బు నురగ కట్టకుండా తెల్లటి చెక్కులా విరిగి చర్మానికి అంటుకుంటుంది, దాని మీద బ్లేడు జారదు. ఇంట్లో శుద్ధి యంత్రం ఉంటే ఒక మగ్గు ఆ నీళ్ళు వేడిచేసుకుని గడ్డానికి వాడటం చిన్న ఖర్చుతో అయ్యే మేలు. నురగ కోసం సువాసన లేని షేవింగ్ క్రీమో జెల్లో తీసుకుని, పూసిన తర్వాత రెండు నిమిషాలు అలా ఉండనివ్వండి. ఆ రెండు నిమిషాలే మొత్తం పనిలో ముఖ్యమైనవి.

ఇక రేజర్. 1971లో జిలెట్ ట్రాక్ టూ పేరుతో రెండు బ్లేడ్ల రేజర్ తెచ్చినప్పటి నుంచి బ్లేడ్ల సంఖ్య పెరుగుతూ ఐదుకు చేరింది. అందులోని సూత్రం మొదటి బ్లేడు వెంట్రుకను పట్టి కొంచెం పైకి లాగడం, అది మళ్ళీ లోపలికి కుదించుకుపోయేలోపు వెనక బ్లేడు మరింత కింద కోయడం. నున్నదనం కోసం వేసిన ఎత్తే మీ సమస్యకు మూలం, ఎందుకంటే చర్మం మట్టానికి కింద తెగిన వెంట్రుకే లోపల దారి తప్పుతుంది. అందరికీ ఎక్కువ బ్లేడ్లు చేటు చేస్తాయని నేను అనను. సాఫీ వెంట్రుకలున్నవారు ఏ ఇబ్బందీ లేకుండా దశాబ్దాలుగా వాడుతున్నారు. మీలాంటి వారికి మాత్రం ఒకే బ్లేడు ఉన్న రేజర్ మేలు. పాతకాలపు సేఫ్టీ రేజర్ కావచ్చు, 2010లో మన దేశం కోసమే తయారై వచ్చిన జిలెట్ గార్డ్ లాంటి చవకైన ఒంటిబ్లేడు రేజర్ కావచ్చు. ఖరీదైనది కొనాలనే ఒత్తిడి పెట్టుకోకండి. బ్లేడు మొండిబారిందని చర్మం చెబుతుంది. లాగుతున్నట్టు, కొంచెం పట్టినట్టు అనిపించిన మొదటిసారే దాన్ని పారేయాలి. తడిసిన రేజర్‌ను స్నానాలగదిలో అలాగే వదిలేయకుండా కడిగి, నీళ్ళు దులిపి, ఆరేచోట పెట్టండి.

వెంట్రుక వాలు ఎటు ఉందో తెలుసుకోవడం మీద ఎవరూ శ్రద్ధ పెట్టరు. అందరూ బుగ్గ మీద కిందికి గీస్తే సరైన వాలు కనుక మెడ మీదా అదే అనుకుంటారు. రెండు రోజుల గడ్డం ఉన్నప్పుడు వేలి కొసతో మెడను నాలుగు దిక్కులా నిమిరి చూడండి. ఎటు నిమిరితే మెత్తగా జారుతుందో అటే వాలు, ఎటు నిమిరితే గరగరమంటుందో అది ఎదురు. గొంతు ఉండకు ఒకపక్క వెంట్రుకలు కిందికి, మరోపక్క అడ్డంగా చెవి వైపుకు, కంఠం మూలన పైకి ఉండటం చాలా మామూలు. కొందరికి సుడి కూడా ఉంటుంది. ఒక కాగితం మీద మెడ బొమ్మ గీసుకుని బాణాలు వేసుకుంటే వారం రోజుల్లో చెయ్యి అలవాటు పడుతుంది. గీసేటప్పుడు ఎడమచేత్తో చర్మాన్ని లాగిపట్టకండి, గడ్డం పైకెత్తి మెడను విల్లులా సాచకండి, రేజర్‌ను అదమకండి. పొట్టి గీతలు గీసి, ప్రతి రెండు గీతలకూ బ్లేడును నీళ్ళలో కడగండి. ఒక చోట ఒక్కసారే, వాలు వైపే. ఆ తర్వాత చేత్తో నిమిరితే కొంచెం గరుకుగా తగులుతుంది, తగలాలి కూడా. ఆ గరుకును పోగొట్టడానికే మీరు ఇన్నాళ్లూ ఎదురుగా గీస్తున్నారు. రోజు విడిచి రోజు గీస్తే చర్మానికి ఇంకా మంచిది కానీ, వారానికోసారి గీయడం దీనికి పరిష్కారం కాదు. నాలుగైదు రోజులకు పెరిగిన వంకర మొన అప్పటికే లోపలికి తిరగడం మొదలుపెట్టి ఉంటుంది.

గీయడం అయ్యాక చల్లని నీళ్ళతో కడిగి, మెత్తని బట్టతో అద్ది, తడి ఆరకముందే సువాసన లేని సాధారణ మాయిశ్చరైజర్ పూయండి. అంతే చాలు. పటిక గురించి ప్రత్యేకంగా అడిగారు కాబట్టి చెబుతున్నాను. అది పొటాషియం అల్యూమినియం సల్ఫేట్. చిన్న గాట్ల నుంచి కారే రక్తాన్ని ఆపుతుంది, చర్మాన్ని బిగిస్తుంది, అందుకే మన తాతల కాలం నుంచి దానికి అంత పేరు. గాటు పడిన చోట ఒకసారి తాకించి కడిగేసుకుంటే తప్పులేదు, కానీ రోజూ మెడంతా రుద్దితే చర్మం ఎండిపోతుంది, ఇరుక్కున్న వెంట్రుకకు ఏ ఉపకారమూ జరగదు. ఆల్కహాల్ ఉన్న ఆఫ్టర్‌షేవ్ వదిలేయండి. మండితేనే మందు పనిచేస్తున్నట్టు అన్న నమ్మకం మనలో బలంగా ఉంది. అదే నమ్మకంతో కొందరు గాయాలకు వాడే యాంటీసెప్టిక్ ద్రవాన్ని నీళ్ళు కలపకుండా నేరుగా పూసుకుని, కాలిన చర్మంతో వస్తుంటారు. నిమ్మరసం అంతకంటే చెడ్డది, పూసుకుని ఎండలోకి వెళితే బొబ్బలెక్కి, నెలల తరబడి వదలని నల్ల చారలు మిగులుతాయి. మంట బాగా ఉన్న రోజున చల్లని నీటిలో ముంచిన బట్టను పది నిమిషాలు వేసి ఉంచడం, కలబంద గుజ్జు పూయడం హాయినిస్తాయి. అయితే పెరటి కలబందను కోసినప్పుడు కారే పసుపుపచ్చని రసం కడిగేయాలి, అది కూడా దురద పుట్టిస్తుంది.

మీరు పూస్తున్న ట్యూబు పేరు రాయలేదు కానీ, రెండు రోజుల్లో మాయం చేసి, మానగానే తిరిగి తెచ్చే గుణాన్ని బట్టి అందులో బలమైన స్టెరాయిడ్, దానికి తోడు ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు కలిపి ఉంటాయని ఊహించగలను. పెట్టె మీద క్లోబెటసాల్, బీటామెథాసోన్ అన్న పేర్లు ఉన్నాయేమో చూడండి. ఇది వాపును అణిచిపెడుతుంది, వెంట్రుకను బయటికి తీయదు. ముఖానికీ మెడకూ నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది, సన్నని ఎర్రటి రక్తనాళాలు తేలుతాయి, మొటిమలు లేస్తాయి, ఎండ తగిలితే మండుతుంది, తామర ఉంటే గుర్తుపట్టలేని రూపంలో విస్తరిస్తుంది. చివరికి పూయకపోతే ముఖం భగ్గున ఎర్రబడే స్థితి వస్తుంది. మన దేశంలో ఇది ఎంత పెరిగిందంటే, 2018లో కేంద్ర ప్రభుత్వం చర్మానికి పూసే పలు స్టెరాయిడ్లను డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. అయినా కౌంటరు మీద చేయి చాపితే ట్యూబు దొరుకుతూనే ఉంది. అప్పుడప్పుడు వాడి ఉంటే ఇప్పుడే ఆపేయండి. నెలల తరబడి రోజూ వాడుతున్నట్టయితే ఒక్కసారిగా మానినప్పుడు తిరగబెట్టే ప్రమాదం ఉంది కనుక వైద్యుని పర్యవేక్షణలో తగ్గించుకోవాలి. హైడ్రోకార్టిసోన్ ఒక శాతం లాంటి తేలికపాటి దాన్ని మేమూ రెండు మూడు రోజులకు రాస్తాం, అంతకుమించి కాదు.

నిజంగా పనిచేసే మందులు నిదానంగా పనిచేస్తాయి. రాత్రిపూట అడాపలీన్ 0.1 శాతం జెల్‌ను, మొదట రోజు విడిచి రోజు, శనగగింజంత పరిమాణంలో మెడకంతా పలచగా పూస్తే రోమకూపం నోరు మూసుకుపోకుండా ఉంటుంది, వెంట్రుకకు దారి దొరుకుతుంది. మొదటి రెండు మూడు వారాలు పొట్టు లేస్తుంది, గడ్డం గీసిన రాత్రి దాన్ని పూయకపోవడం మంచిది. చీము పొక్కులు ఉంటే ఉదయంపూట బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతంతో మొదలుపెట్టవచ్చు, అవసరాన్ని బట్టి క్లిండామైసిన్ ఒక శాతం కలుపుతాం. బెంజాయిల్ పెరాక్సైడ్ తువ్వాళ్ళ రంగును, దిండు గలీబుల రంగును తెల్లగా మార్చేస్తుంది, యూనిఫామ్ కాలరు విషయంలో జాగ్రత్త. గ్లైకాలిక్ ఆమ్లం, సాలిసిలిక్ ఆమ్లం ఉన్న లోషన్లు కూడా పైపొరను సాఫీ చేసి సాయపడతాయి కానీ, అన్నిటినీ ఒకేసారి మొదలుపెడితే ఏది మండిస్తోందో తెలియదు. నల్ల మచ్చలకు అజిలాయిక్ ఆమ్లం నాకు ఇష్టమైన మందు, పొక్కుల మీదా కొంత పనిచేస్తుంది. కృష్ణా తీరపు ఎండలో సన్‌స్క్రీన్ లేకుండా మచ్చలు తగ్గాలనుకోవడం మాత్రం వృథా. ఎస్పీఎఫ్ 30కి తక్కువ కానిది ఉదయాన్నే మెడకు కూడా పూయండి. కొత్త పొక్కులు ఆగిన తర్వాత కూడా మచ్చలు వెలిసేందుకు ఆరు నెలలు పట్టడం మామూలే. ఇవి సాధారణ సమాచారంగా చెబుతున్నవి, మీ మెడ చూసిన వైద్యుడు మార్చి రాస్తే ఆ చీటీనే నమ్మండి.

విల్లులా వంగిన వెంట్రుక పైకి కనిపిస్తుంటే, గోరువెచ్చని తడి బట్టను పది నిమిషాలు వేసి, స్పిరిట్‌తో తుడిచిన కొత్త సూది మొనను ఆ వంపు కిందికి పోనిచ్చి కొసను పైకి లేపవచ్చు. అంతటితో ఆగాలి. పట్టకారుతో పీకితే తాత్కాలికంగా బాగుంటుంది కానీ, మళ్ళీ మొలిచే వెంట్రుక లోపలినుంచే గోడ చీల్చుకుంటుంది. కనిపించని దాని కోసం తవ్వితే మచ్చ, కొందరిలో కీలాయిడ్ అనే ఉబ్బెత్తు గడ్డ మిగులుతాయి.

ఇన్ని చేసినా లొంగకపోతే, గడ్డం మీద మోజు కూడా లేకపోతే, లేజర్ మంచి మార్గం. మన చామనఛాయ, నలుపు చర్మాలకు 1064 నానోమీటర్ల ఎన్డీ-యాగ్ లేజర్ సురక్షితమైనది, ఎందుకంటే దాని కాంతిని పైపొరలోని రంగు తక్కువగా పీల్చుకుంటుంది. నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో పలుమార్లు చేయించుకోవాలి, వెంట్రుక సన్నబడి, పలచబడి, పొక్కులు బాగా తగ్గుతాయి. మెడకు మాత్రమే చేయించుకుని, బుగ్గలు అలాగే ఉంచుకునేవారు ఎక్కువ. ఏ యంత్రంతో చేస్తున్నారో అడగకుండా ఆఫర్ చూసి కూర్చోవద్దు. మన రంగుకు తగని యంత్రం పెడితే కాలిన మచ్చలు పడతాయి. ఇంట్లో వాడుకునే కాంతి పరికరాలకూ ఇదే హెచ్చరిక.

సెలూన్లో గీయించుకునేవారికి ఒక మాట. మీ కళ్ళముందు కొత్త బ్లేడు విప్పి వేయమని అడగడం మర్యాద తక్కువ కాదు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం వారం రోజులు బతికి ఉంటుంది. బ్లేడు మార్చినా అందరి ముఖాలకూ ఒకే పటిక రాయి, ఒకే బ్రష్ వాడితే రక్షణ సగమే. తిరుమల కళ్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చాక తల మీద పొక్కులు లేచాయని అడిగేవారూ ఉంటారు. అక్కడ టోకెన్‌తో పాటు బ్లేడు ఇస్తారు కనుక ఆ భయం తక్కువే కానీ, తలను తగినంత తడపకుండా కూర్చోవడం, ఆపైన చెమట, ఎండ కలిసి మంట తెస్తాయి. ముందు తల బాగా తడుపుకుని, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ఎండ తగలకుండా చూసుకుంటే చాలు. గుండుకు రాసే గంధం చల్లగా హాయిగా ఉంటుంది, అది అచ్చమైన గంధమైతే. అలాగే మెడ వెనక, జుట్టు అంచున గట్టి బుడిపెలు ఉన్నవారు అక్కడ సెలూన్ కత్తి పెట్టించడం వెంటనే మానాలి. అది వేరే జబ్బు, ఆలస్యమైతే మచ్చలుగా గట్టిపడి జుట్టు శాశ్వతంగా పోతుంది.

ఇదే బాధ స్త్రీలకు చంకల్లో, తొడల మూలల్లో వస్తుంది, పద్ధతులన్నీ అవే. చుబుకం మీద గరుకు వెంట్రుకలు వచ్చి, వాటిని థ్రెడింగ్‌తో తీయించుకుంటే పొక్కులు వచ్చే అమ్మాయిలు, నెలసరి కూడా క్రమం తప్పుతుంటే, చర్మంతో పాటు హార్మోన్ల పరీక్ష చేయించుకోవాలి.

జ్వరం, వేగంగా పాకే ఎరుపు, నొప్పితో కూడిన వాపు, పెదవి మీద లేదా ముక్కు దగ్గర సెగగడ్డ, ఇవి ఉంటే ఇక్కడ ప్రశ్న రాస్తూ కూర్చోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. మధుమేహం ఉన్నవారు చీము పొక్కులను తేలిగ్గా తీసుకోకూడదు. పదేపదే చీము పొక్కులు వస్తుంటే ఒకసారి రక్తంలో చక్కెర చూపించుకోవడం కూడా మంచిది. మీకు మూడు నెలల్లో చెప్పుకోదగ్గ మార్పు లేకపోతే దగ్గరలోని చర్మవ్యాధుల నిపుణుణ్ణి కలవండి. వెళ్ళేటప్పుడు రెండు మూడు రోజులు గడ్డం గీయకుండా వెళ్ళండి, నున్నగా గీసుకుని వస్తే మేము చూడవలసినది కనిపించదు. ఇప్పటిదాకా పూసిన ట్యూబులన్నీ, ఖాళీ అయినవి సహా, ఒక సంచీలో వేసుకుని తీసుకెళ్ళండి.